గోడవార బస్తాలు

ములకలపల్లి దాటి అడవిలోకి పోయే మట్టిదారిలో ఒక వాగు ఉంది. ఆ వాగు అవతల ముప్పై ఇళ్ళ కోయగూడెం ఉంది. గూడెం పేరు రాయను. రాస్తే అక్కడి కోళ్ళను సంతలో ఎవరూ కొనరు. ఆరేళ్ళ కిందట ఆ గూడెం గురించి ఒక నివేదికలో నాలుగు వాక్యాలు రాశాను. అందులో ఒకటి అబద్ధం. దాన్ని దిద్దుకోవడానికి మొన్న భాద్రపదంలో మళ్ళీ వెళ్ళొచ్చాను. ఆ దారి చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా కోసం కూడా.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పాతికేళ్ళు పనిచేశాను. కోళ్ళ మేతలో ఏ విషముంది, అందులో ఎంత గుడ్డులోకి వస్తుంది, ఎంత మాంసంలోకి వస్తుంది, తిన్న మనిషికి దానివల్ల ఏమవుతుంది అని లెక్కకట్టడం మా పని. మొక్కజొన్న తడిసి నిల్వ ఉంటే బూజు పడుతుంది. ఆ బూజు వదిలే విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. అది కంటికి కనబడదు. ఉడకబెట్టినా పోదు. నెమ్మదిగా కాలేయాన్ని తింటుంది. పసిపిల్లలకు మరీ చేటు.

ఆరేళ్ళ కిందట ఆ గూడెంలో ఆడవాళ్ళ సంఘం ఒక కొట్టంలో కోళ్ళు పెంచుతోంది. కొట్టంలో తలుపు దగ్గర నాలుగు బస్తాల మొక్కజొన్న ఉంది. వెనక గోడవార చీకట్లో ఇంకా చాలా బస్తాలున్నాయి. ఆడవాళ్ళు నా కోసం తలుపు దగ్గరి బస్తా విప్పారు. ఇది మీరూ తింటారా అని అందరి ముందూ అడిగితే లేదని తలలూపారు. ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసుకున్నాను. గోడ వైపు నుంచి ముక్కిన వాసన వచ్చింది. నా ముక్కుకు తెలిసింది. బయట మబ్బు పట్టింది, వాగు వస్తే ఇరుక్కుపోతామని జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను గోడ దాకా నడవలేదు. పన్నెండు అడుగులు కూడా లేవు. ఫారంలో ‘బస్తాలను ముందుగా ఎంచుకోకుండా, ఏవి చేతికందితే వాటిలోంచి నమూనా తీశాం’ అని రాసి సంతకం పెట్టాను. ఎవరూ నన్ను అబద్ధం రాయమనలేదు.

మధిర

విజయవాడలో ప్యాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చింది. ఈ ప్రయాణమంతా నాకు నిద్రకూ మెలకువకూ మధ్య జరిగినట్టే గుర్తుంది. కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే పొలం, ఒకటే కొంగ, ఒకటే నీళ్ళమడి. మా గుడివాడ వైపు ఈ రోజుల్లో గాలి వరి వాసన వేస్తుంది. మధిర దగ్గరికొచ్చేసరికి ఆ వాసనలో పత్తి చేలకు కొట్టిన మందు కలిసింది.

నేను వెతుక్కుంటూ వచ్చిన దాణా కొట్టు స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. ఆ కొట్టు గోడమీద నా నివేదికలోని ఒక పేజీ అంటించి ఉందని ఒక స్నేహితుడు ఫోటో పంపాడు. బయల్దేరడానికి కారణం అదే.

నిజంగానే ఉంది. పసుపు పచ్చగా మారింది. కింద నా సంతకం.

“ఏం గావాలండీ? పిల్లమేతా, పెట్టల మేతా?” అన్నాడు కొట్టాయన.

“ఆ కాగితం ఏంటండీ?”

“అదా, ల్యాబోళ్ళిచ్చింది. రంగు మారిన మక్కజొన్న కోళ్ళకి పెట్టొచ్చని.”

“అలా లేదండీ అందులో. పరీక్షించిన గుడ్లలో విషం ప్రమాదకరంగా లేదని మాత్రమే ఉంది.”

“రెండూ ఒకటే గదా.”

“ఒకటి కాదు. అది రాసింది నేనే.”

ఆయన నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. మొహం వెలిగిపోయింది. “మీరేనా సార్! కూర్చోండి, టీ చెప్తా. ఇంకో కాపీ ఉంటే ఇవ్వండి సార్, దీనికి చెదలు పట్టింది.”

నేను వచ్చిన పని చెప్పాను. అది తీసెయ్యమన్నాను. మార్కెట్ యార్డులో వానకు తడిసి రంగు మారిన గింజ అని కొనేవాళ్ళకు చెప్పమన్నాను.

“తడిసిందని చెప్తే ఎవరు కొంటరు సార్, మీరు మరీ!” అని నవ్వాడు. “అయినా మనూళ్ళో ఎవరు తీసుకుంటున్నరు? అడివోళ్ళకే పోద్ది ఎక్కువ. వానలు మొదలైతే ట్రాలీలకు ట్రాలీలు.”

జేబులో ఎర్రపెన్ను ఉంది. స్టూలెక్కి కాగితానికి అడ్డంగా ‘ఇది చెల్లదు’ అని రాసి కింద మళ్ళీ సంతకం పెట్టాను. ఆయన ఆపలేదు. నేను దిగాక దగ్గరికెళ్ళి చూసి, “సంతకం మాత్రం అప్పటికంటే బాగొచ్చింది సార్” అన్నాడు. టీ డబ్బులు తీసుకోలేదు.

పెనుబల్లి

రెండోరోజు పెనుబల్లిలో బస్సు మారాలి. వాన చినుకులు పడుతుంటే రోడ్డు పక్క రేకుల హోటల్లోకి దూరాను. హోటల్ మరియమ్మ అనే ఆమెది. యాభై దాటి ఉంటుంది. గోడమీద ఏసుప్రభువు క్యాలెండరు, దాని కింద గుడ్ల అట్టలు. భోజనం ఎనభై, గుడ్డు కూర వేస్తే పదిహేను ఎక్కువ. కూరలో చింతపండు మా కంటే తక్కువ, కారం రెండింతలు. ముక్కు కారుతుంటే ఆమె అడక్కుండానే మజ్జిగ పోసింది.

“ఏం పని మీద వచ్చినవ్ సారూ?”

కోళ్ళ మేత పరీక్షలు చేసేవాణ్ణని చెప్పాను. ఆమె గరిటె పట్టుకునే వచ్చి ఎదురు బల్లమీద కూర్చుంది.

“అయితే చెప్పు. గుడ్లు తినొచ్చా తినొద్దా? మా పాస్టరమ్మ ఫోన్ల ఏందో చూసి మానేసింది. ఆమెను చూసి చర్చి సంఘమంత మానేసింది. నా గిరాకి పాయె.”

“తినొచ్చమ్మా. మేతలో విషమున్నా గుడ్డులోకి వచ్చేది చాలా తక్కువ. నేను వందల గుడ్లు చూశాను.”

“అవ్? గుడ్డు తినొచ్చని చెప్పనీకా గింత దూరం వచ్చినవ్?” అని ఆమె నవ్వితే పక్క బల్లవాళ్ళూ నవ్వారు.

గుడ్డు సంగతి నిజమే. నివేదికలో ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం మరియమ్మ మరోమాట అంది. మీ ఇంట్లో కోళ్ళకు ఏం పెడతారని నేను మామూలుగా అడిగాను.

“ఏం పెడ్తం? మా అమ్మగారిది ములకలపల్లి అవతల. ఆడ మక్కలు తెచ్చి చెరుగుతరు. మంచియి మనం దంచుకునేది, నూక, పుచ్చులు కోళ్ళకు. ఇంట్ల గింజ ఒక్కటే ఉంటది గద సారూ.”

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా వైపు కోళ్ళ మేత అంటే అచ్చువేసిన సంచిలో వస్తుంది. దానిమీద కోడిబొమ్మ ఉంటుంది. ఇంట్లో ఎవరూ అందులో చెయ్యి పెట్టరు. నా ఫారంలో కూడా రెండు గడులే ఉండేవి. ఒకటి పక్షుల మేత, రెండోది మనుషుల తిండి. మేత గడిలోని విషం మనిషిని చేరాలంటే గుడ్డుగానో మాంసంగానో మారి చేరాలి. నా లెక్కంతా ఆ దారిలోనే నడిచింది. చేటలోంచి తిన్నగా గంజిలోకి పోయే దారి ఒకటుందని నా కాగితానికి తెలియదు.

నేను గోడ దాకా నడవకపోవడం చిన్న తప్పని అంతవరకూ అనుకుంటూ వచ్చాను.

దమ్మపేట దారి

సత్తుపల్లి దాటి దమ్మపేట చేరాక ఆటో కిరాయికి మాట్లాడుకున్నాను. డ్రైవరు యేసుపాదం ములకలపల్లివాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎవరి మాటకైనా తన మాట కలిపే రకం.

రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ తోటలు. ఆ చెట్ల కింద పగలు కూడా ఆకుపచ్చ చీకటి. వరసలు కదులుతున్నాయో మేం కదులుతున్నామో తెలియలేదు. తోటలు అయిపోయి టేకు మొదలైంది. టేకుపూలు తెల్లటి పిండిలా రోడ్డుమీద రాలి, ఆటో పోతుంటే లేచి మళ్ళీ పడుతున్నాయి. నాకు కునుకు పట్టింది. కలలో ఆ కొట్టం తలుపు తీసి ఉంది. నేను లోపలికి నడుస్తున్నాను. గోడ మాత్రం నడిచినకొద్దీ వెనక్కి పోతోంది.

“సారూ, సారూ! నీ బ్యాగు కారుతున్నది!”

లేచి చూస్తే పరీక్షకు తెచ్చుకున్న స్పిరిట్ సీసా మూత వదులై సీటు తడిసింది. యేసుపాదం ఆటో ఆపి వాసన చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

“గిదా సంగతి! సదువుకున్నోళ్ళు గిట్ల దాసుకొని తాగుతరా? నాకు గూడ ఓ గుక్క పోయరాదు?”

“ఇది తాగేది కాదయ్యా. పిండిలో విషముందో లేదో చూసే మందు. తాగితే నీకే ఉంటుంది విషం.”

“గట్లనే అంటరు” అన్నాడు నమ్మకుండా. మిగిలిన సగం సీసా నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారిపొడవునా అద్దంలోంచి దానివైపే చూస్తూ నడిపాడు.

వాగు దగ్గర ఆటో ఆగింది. నీళ్ళు మోకాలి లోతు, ఎర్రగా ఉన్నాయి. నేను బ్యాగు నెత్తిన పెట్టుకుని దిగాను. నడిమధ్యలో ఒక చెప్పు పోయింది. అది ఆకుదోనెలా తిరుగుతూ పోతుంటే రెండోది కూడా వదిలేశాను.

“రేపు పొద్దుగాల వస్త” అని ఒడ్డు నుంచి అరిచాడు యేసుపాదం. “వాగొస్తే రాను. ఫికర్ జెయ్యకు, ఎల్లుండొస్త. అప్పుడూ రాకుంటే గూడెమోళ్ళే నిన్ను సాకుతరు!”

గూడెం

జోగమ్మ నన్ను గుర్తుపట్టింది. అప్పుడు సంఘానికి పెద్దగా ఉండి నా కోసం బస్తా విప్పింది ఆమే. ఇప్పుడు జుట్టు నెరిసింది. వాకిట్లో ఆమె కోడలు భద్రమ్మ చేట పట్టుకుని మొక్కజొన్న చెరుగుతోంది. పక్కన గోనెపట్టా మీద ఎనిమిది నెలల పాప బోర్లా పడుకుని గింజలు అందుకోబోతోంది. భద్రమ్మ కాలితోనే పాపను వెనక్కి జరిపి మళ్ళీ చెరుగుతోంది. చేట పైకి లేచినప్పుడల్లా ఎండలో బూడిదరంగు దుమ్ము పొగలా ఆడింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. అదేమిటో నాకు తెలుసు.

“ఎవరికమ్మా ఆ గింజలు?”

“మంచియి మాకు. ఇగో దీనికి జావ కాస్తున్న, ఈ నెల నుంచే తినవట్టింది” అని పాపను చూపించింది భద్రమ్మ.

జోగమ్మ నాకు సొరకాయ బుర్రతో నీళ్ళిచ్చింది. రామయ్య ఏడని అడిగాను. ఆమె భర్త. అప్పుడు చెట్టెక్కి నాకు సీతాఫలాలు కోసిచ్చాడు.

“పోయిండు. రెండు వానల కింద. కండ్లు పచ్చగైనయి, కడుపుబ్బింది. భద్రాచలం దవాఖానాకు ఎత్తుకపోయినం. కార్జం చెడిందన్నరు.”

కాసేపటికి కొట్టంలోకి వెళ్ళాను. ఈసారి గోడ దాకా నడిచాను. తొమ్మిది బస్తాలు. కిందివి నేలచెమ్మకు నల్లబడ్డాయి. ప్రతి బస్తాలోనూ పైన, నడుమ, అడుగున గొట్టం గుచ్చి గింజలు తీశాను. కలిపి రోట్లో దంచి, మిగిలిన స్పిరిట్ పోసి వడగట్టి, ఆ నీళ్ళలో పరీక్ష పట్టీ ముంచాను. అప్పటికి వాకిట్లో పదిమంది చేరారు. ఊరిపెద్ద కన్నయ్య తాత కూడా కర్ర పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

“ఏంది సారూ, కడుపు పరీక్షా?” అందొకామె. అందరూ నవ్వారు.

“రెండు గీతలొస్తే మంచిది. ఒకటే వస్తే చెడ్డది” అన్నాను.

ఒక గీత వచ్చింది. రెండోదాని కోసం చూస్తూ కూర్చున్నాం. మబ్బు కమ్మింది. అడవి వైపు నుంచి నెమలి అరిచింది. రెండో గీత రాలేదు.

“రాలే” అంది జోగమ్మ. “అయితే?”

“విషముంది. చాలా.”

“గదెట్ల? రానిదాన్ని చూసి ఉన్నదంటవ్, ఉన్నదాన్ని చూసి లేదంటవ్. నీ యవ్వారం తలకిందులున్నది సారూ.”

అప్పుడు చెప్పాను. ఆరేళ్ళ కింద నేనేం చేశానో, ఏం రాశానో, గోడవైపు వాసన నాకెలా తెలిసిందో, ఎందుకు నడవలేదో చెప్పాను. తడిసిన గింజ కోడికి పెట్టొచ్చని నా కాగితం చూపించి అమ్ముతున్నారని చెప్పాను. కోయ తప్ప రాని ముసలివాళ్ళకు భద్రమ్మ కోయలో చెప్పింది. నా తెలుగులో ఎంతో పొడుగున్న తప్పు ఆమె కోయలో రెండు మాటలకే వచ్చింది.

జోగమ్మ పరీక్ష పట్టీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, “సారొచ్చిండని ఎండవెట్టిన బస్తా ఇప్పినం. చుట్టమొస్తే మంచిది పెడ్తం గని, చెడింది పెడ్తమా?” అంది. “కోళ్ళ మేత తింటరా అని నల్గుర్ల అడిగినవ్. అవ్ అంటమా? సిగ్గుగాదా?”

“తప్పు మీది కాదమ్మా.”

“మాదని నేనన్ననా?” అంది. “ఒక్కటి చెప్పు. మా మనిషి గందుకే పోయిండా?”

ఎవరైనా పోయుంటే ఈ ప్రశ్న అడుగుతారని దారిలోనే అనుకున్నాను. జవాబు తయారు చేసుకోలేకపోయాను. “తెలియదమ్మా. కాలేయం చెడ్డానికి చాలా కారణాలుంటాయి. ఇది కావొచ్చు. కాకపోవచ్చు. నాకు తెలియదు.”

“తెల్వదంటే తెల్వదనే రాయాలె. అప్పుడు తెల్వకుంటనే లేదు అని రాసినవ్ గద.”



చేలో కంకులు

రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నకు వాగు రెండు గట్లూ కలిపి పారుతోంది. అవతల ఒడ్డు మంచులో కలిసిపోయింది. ఇక గూడెం ఒక దీవి.

పొద్దున కన్నయ్య తాత వాకిట్లో అందరూ కూర్చున్నారు. తేల్చుకోవాల్సింది ఒకటే. బస్తాలు పారేస్తే ఏం తినాలి, ముఖ్యంగా పాలు చాలని భద్రమ్మ బిడ్డ ఏం తినాలి? రేషన్ బియ్యం అయిపోవచ్చాయి. వాగు దిగితే గాని కొత్తవి రావు. చేలల్లో మొక్కజొన్న నిలువెత్తున ఉంది. కంకులు పాలు పట్టి గింజ గట్టిపడుతోంది. చూస్తే నోరూరుతుంది. నేను అదే అన్నాను.

అందరూ నావైపు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

“కొత్తలు గాలే” అన్నాడు కన్నయ్య తాత.

కొత్తల పండుగ అంటే మొదటి పంటను ఊరి తల్లికి పెట్టే పండుగ. అది కాకుండా చేలో కంకి విరవకూడదు. దారిన పోతూ ఒక్క గింజ నోట్లో వేసుకోకూడదు. మా గుడివాడలో తొలి కంకి ఎవరు ముందు కాల్చుకుంటే వాళ్ళే గొప్ప. ఇక్కడ ఆకలితో ఉన్నవాడు కూడా పక్కనే నిలువెత్తు చేను పెట్టుకుని పాత గింజ తింటాడు. ఇంకా ఇరవై రోజులకు పండుగ అనుకున్నారట. పక్క గూడేల చుట్టాలందరికీ చెప్పారు కూడా.

“వాగు దిగ్గానే నేను బియ్యం తెస్తాను” అన్నాను.

“గీ పూట తెస్తవ్” అంది జోగమ్మ. “మళ్ల పోతవ్. పోయినోడివి ఆరేండ్లకు వచ్చినవ్.”

ఎవరో కొత్తలు ముందుకు జరుపుదామన్నారు. వెంటనే గొడవ లేచింది. చుట్టాలు లేకుండా కొత్తలేంది, మా అక్క మొహం ఎట్ల చూడాలె అని ఒకతను లేచి నిలబడ్డాడు. గింజ ముదరలేదు, తల్లికి పచ్చిది పెడ్తమా అని ఇంకొకతను. భద్రమ్మ మధ్యలో లేచింది. మగవాళ్ళ మధ్య మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. బిడ్డను చంకన ఎత్తుకుంది.

“రాత్రి దీనికి ఆ జావే పోసిన” అంది. “విషమని తెలిసి పోసిన. ఏడ్చింది, ఇంకేం లేదు, పోసిన. ఇయ్యాల గూడ పొయ్యమంటే పోస్త. మీరు చెప్పున్రి.”

 కన్నయ్య తాత కర్ర ఊతంగా లేచి చేను వైపు నడిచాడు. మేమంతా వెనకే. వానకు తడిసిన ఆకులు మా భుజాలకు రాసుకుంటున్నాయి. ఆయన కంకులను విరవకుండా పొట్టు మీదనుంచే వేళ్ళతో నొక్కి చూస్తూ వరసలన్నీ తిరిగాడు. మంచులో ఒక్కోసారి తలపాగా మాత్రం కనబడేది. చాలాసేపటికి బయటికొచ్చాడు.

“కింది చెలక గింజ ముదిరింది. ఎల్లుండి కొత్తలు” అన్నాడు. “దినం పెట్టింది తల్లి గాదు, మన పెద్దోళ్ళు. ఇప్పుడు పెద్దోన్ని నేను, మారుస్తున్న. చుట్టాలు తిడ్తే నన్ను తిట్టమనున్రి. ఈ రెండు దినాలు ఎవరింట్ల పిడికెడు బియ్యమున్నా పోరికి గంజి కాసియ్యాలె.” తర్వాత నావైపు తిరిగాడు. “బస్తాలు కోళ్ళకు గూడ వద్దంటవా?”

“వద్దు తాతా. కోళ్ళను బయట మేతకు వదలండి. కుండలో చెదలు పట్టించి వాటికి పెట్టండి. బస్తాలు పూడ్చేద్దాం.”

“పూడ్సుడు మా పని గాదు. తప్పు చేసినోడే గుంత తవ్వాలె.”

గుంత

గడ్డపార నేను ఎన్నడూ పట్టలేదు. గూడెం పిల్లలూ ఆడవాళ్ళూ చుట్టూ నిలబడి చూశారు.

“పలుగు గట్ల పడ్తరా? పెన్ను గాదు సారూ అది!”

“చెప్పులు వాగు తిన్నది, అరచేతులు భూమి తింటది” అందొకామె. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి బొబ్బలెక్కాయి. సాయంత్రానికి పగిలాయి. రెండోరోజుకు గుంత నడుము లోతు దిగింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ వెళ్ళిపోనూ లేదు. అన్నం వేళకు ఆకులో గంజి మెతుకులు పెట్టి గట్టుమీద ఉంచేవారు.

తొమ్మిది బస్తాలూ నేనే లాక్కొచ్చి గుమ్మరించాను. గింజలు జారుతుంటే వాన చప్పుడయింది. పైన సున్నం, బూడిద చల్లాను. తిండిగింజ మట్టిలో పడుతుంటే జోగమ్మ గట్టున కూర్చుని తల తిప్పుకోకుండా చూసింది. ఆమె ఏడవలేదు. చివరి బస్తా ఖాళీ అయ్యాక గోనెసంచి దులిపి మడతపెట్టబోయింది. దాన్ని కూడా లోపల వెయ్యమని అడిగాను. మంచి సంచి అని గొణుక్కుంటూనే వేసింది.

ఆ సాయంత్రం చినుకులు పడుతుంటే చూరు కింద కూర్చుని నివేదికకు సవరణ రాశాను. వచ్చాక ల్యాబ్‌కూ, డబ్బులిచ్చి ఆ పని చేయించుకున్నవాళ్ళకూ పంపాను. అందులో ఇలా ఉంది: ‘ఈ గూడెంలో మేతకు తీసిన నమూనా, సంఘంవాళ్ళు చూపించిన బస్తా నుంచి మాత్రమే తీశాను. మిగతా బస్తాల్లో బూజు ఉందని వాసనను బట్టి తెలిసి కూడా వదిలేశాను. ఇక్కడ పక్షుల మేత, మనుషుల తిండి వేరువేరు కావు. అందువల్ల ప్రమాదం లేదన్న నా మాట చెల్లదు. ఒక మరణం గురించి నన్నడిగారు. దానికి జవాబు నాకు తెలియదు.’ ఇంతవరకూ ఎవరూ జవాబు రాయలేదు. మధిర కొట్టాయనకు కూడా ఒక ప్రతి పంపాను.

కొత్తలు

పండుగనాడు వాన లేదు. గూడెం చివర మద్దిచెట్టు కింద రాళ్ళకు పసుపు పూశారు. కింది చెలక నుంచి కంకులు తెచ్చి పొట్టు ఒలిచారు. ఆ వాసన ఇళ్ళమీదుగా తేలుతూ వచ్చింది. పాలవాసనకూ పచ్చిగడ్డి వాసనకూ మధ్యన ఉంది. డోలు మెల్లగా మోగుతోంది. చుట్టాలు లేని పండుగ కనుక పాటలు తక్కువగా పాడారు. మొన్న అక్క మాట ఎత్తినతను ఆమె ఊరి వైపు చూసి దండం పెట్టాడు. నాకు అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది.

కొత్త గింజ రోట్లో నూరి కుండలో జావ కాచారు. చిక్కుళ్ళు ఉడికించారు. కన్నయ్య తాత మొదటి దొప్ప రాళ్ళ ముందు పెట్టి కోయలో చాలాసేపు మాట్లాడాడు. నా వైపు రెండుసార్లు చెయ్యి చూపించాడు. ఏం చెప్పాడని నేను అడగలేదు.

తర్వాత ఇంటింటికీ జావ పంచారు. భద్రమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని దొప్పలోకి వేలు ముంచబోయింది.

“ఆగు” అంది జోగమ్మ.

కోడలి చేతిలోని దొప్ప తీసుకుని నా దగ్గరికొచ్చింది. “నువ్ తాగు ముందుగాల.”

“నేనెందుకమ్మా? పెద్దవాళ్ళున్నారు, మీ పండుగ…”

“ఊరి తల్లి తిన్నది. ఇగ నువ్వే. నీ గీతల సంగతి నాకు తెల్వది. నువ్ తాగు, నీ మొహం చూస్త.”

డోలు ఆగింది. బొబ్బల చేతులతో దొప్ప పట్టుకున్నాను. వేడి, తీపి, కాస్త మసి వాసన. నాలుక కాలింది. సగం తాగాను. ఆమె నా ఎదుట నిలబడి నా కళ్ళు, నోరు, గొంతు చూసింది. ఆ చూపు ఎక్కడా తొందరపడలేదు. పన్నెండు అడుగుల దూరం పూర్తిగా నడిచి చూసినట్టుంది.

తర్వాత నా చేతిలోంచి ఆ దొప్ప తీసుకుంది. ఇంకో దొప్ప అడగలేదు. నేను తాగగా మిగిలిన జావలోనే వేలు ముంచి, ఊది చల్లార్చి, మనవరాలి నాలుకకు రాసింది.